ముందు మామూలు మోత: టర్బో పెట్టిన పాత మియాటాలో నాక్‌ని పట్టుకోవడం

నాది 1990 మాజ్దా మియాటా. 1.6 లీటర్ల ఇంజన్, దానికి కంపెనీ ఇవ్వని టర్బో. ఫీనిక్స్‌లో ఉంటాను కాబట్టి ఎండాకాలం 40 డిగ్రీలు మామూలు, జులైలో 45 దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికే ప్రీమియం పెట్రోల్ 91 ఆక్టేన్. ఈ మూడూ కలిశాయంటే నాకింగ్‌ని, అంటే సిలిండర్‌లో మిశ్రమం తనంతట తాను అంటుకోవడాన్ని, పిలిచి పీట వేసినట్టే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివేవాళ్లు 91 అనగానే మామూలు పెట్రోల్ అనుకోవద్దు. అమెరికా పంపుల మీద రాసేది రాన్, మాన్ అనే రెండు ఆక్టేన్ (నాక్‌ని తట్టుకునే శక్తి) లెక్కల సగటు. మన దగ్గర రాసేది రాన్. ఇక్కడి 91 అక్కడి లెక్కలో సుమారు 95, 96 అవుతుంది.

ఈ కారు టర్బో లేకుండా పుట్టింది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి, 9.4. కంపెనీ దీనికి నాక్ సెన్సర్ పెట్టలేదు, ఆ అవసరం రాలేదు. ఇదే బీ6 ఇంజన్‌కి 323 జీటీఎక్స్ అనే కారులో మాజ్దా తనే టర్బో పెట్టినప్పుడు కంప్రెషన్‌ని 7.9కి దించింది. మనం దించలేదు. 9.4 మీదే టర్బోతో 10 పీఎస్ఐ అదనపు గాలి ఒత్తిడి (బూస్ట్) తోస్తున్నాం. కాబట్టి కాపలా కూడా మనమే పెట్టుకోవాలి.

చాలామంది ఒక సెన్సర్ కొనుక్కొచ్చి, బ్లాకుకి బిగించి, లైటు వెలిగితే నాక్, వెలగకపోతే క్షేమం అనుకుంటారు. సెన్సర్‌కి నాక్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది బ్లాకు అదురు ఒక్కటే. ఆ అదురులో ఏది రోజూ ఉండేది, ఏది కొత్తగా వచ్చింది అనేది మనమే నేర్పాలి. పనంతా అక్కడే ఉంది. సెన్సర్ బిగించడం ఒక మధ్యాహ్నం పని, దానికి మీ ఇంజన్ మామూలు మోతని పరిచయం చేయడం మాత్రం ఓపిక పని.

అసలు ఏం జరుగుతుంది

స్పార్క్ పడ్డాక మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ గోడల వైపు పాకుతుంది. మంట ఇంకా చేరని మూలల్లో మిగిలిన మిశ్రమం, పెరిగే ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక, తనంతట తాను ఒక్కసారిగా అంటుకుంటే అదే నాక్. ఆ దెబ్బకి పుట్టిన ఒత్తిడి తరంగం సిలిండర్ గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. మనం వినే చప్పుడు అదే.

సిలిండర్ ఎంత వెడల్పు ఉంటే ఆ చప్పుడు అంత బొంగురు. లెక్క తేలిక: బోర్‌లో సగం మిల్లీమీటర్లలో తీసుకుని, 3.14తో గుణించి, వచ్చినదానితో 900ని భాగించండి. జవాబు కిలోహెర్ట్జ్‌లో వస్తుంది. మియాటా 1.6 బోర్ 78 మిల్లీమీటర్లు, అంటే సగం 39. జవాబు సుమారు 7.3. సాబ్ 900కి బోర్ 90, జవాబు 6.4. బీ21 ఇంజన్ ఉన్న వోల్వో 240 టర్బోకి 92, జవాబు 6.2. పోర్షె 944 టర్బోకి 100, జవాబు 5.7. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు. వేడిని బట్టి, బ్లాకుని బట్టి కాస్త అటూ ఇటూ జరుగుతాయి.

ప్రీ-ఇగ్నిషన్ వేరే జబ్బు. ఎర్రగా కాలిన ప్లగ్ కొనో, మసి పెచ్చో స్పార్క్ కన్నా ముందే మిశ్రమాన్ని అంటించడం అది. తరచుగా చప్పుడు కూడా ఉండదు, కానీ పిస్టన్‌ని క్షణాల్లో కరిగిస్తుంది. నాక్ ముదిరితే ప్లగ్ కాలి దీనికి దారితీస్తుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1978 బ్యూక్ టర్బో వీ6లోనే నాక్ సెన్సర్ విని టైమింగ్‌ని (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి, అంటే ఆలస్యంగా పడేలా, లాగేది. 1982 మోడల్ సాబ్ 900 టర్బోలో ఏపీసీ అనే బూస్ట్ నియంత్రణ వచ్చింది. సాబ్ ఇంజనీర్ పెర్ గిల్‌బ్రాండ్ బృందం పని అది. అక్కడ టైమింగ్‌ని ముట్టుకోరు, నాక్ వినపడగానే బూస్ట్ తగ్గిస్తారు. ఆ ధైర్యంతోనే సాబ్ కంప్రెషన్‌ని 7.2 నుంచి 8.5కి పెంచగలిగింది. నాకు ఇప్పటికీ సాబ్ పద్ధతే ముచ్చట. దాని సంగతి కింద మళ్లీ వస్తుంది.

సెన్సర్ కన్నా ముందు టైమింగ్ లైట్

ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) స్క్రీన్ మీద టైమింగ్ 10 డిగ్రీలు అని ఉంటే క్రాంక్ పుల్లీ దగ్గర నిజంగా 10 ఉందా? ఇది చూడకుండా నాక్ వెంట పడితే గాలిలో కత్తి తిప్పడమే.

ఈ కారులో టైమింగ్ సంకేతం ఇచ్చే కామ్ యాంగిల్ సెన్సర్ సిలిండర్ హెడ్ వెనక, ఫైర్‌వాల్‌కి దగ్గరగా ఉంటుంది. ఒక్క బోల్ట్ వదులు చేస్తే చేత్తో తిరుగుతుంది. ముప్పై ఏళ్లు దాటిన కారు, ఎవరెవరి చేతుల్లోంచో వచ్చింది. టర్బో లేని రోజుల్లో కాస్త హుషారు కోసం 10ని 14కి తిప్పుకోవడం ఈ కార్ల వాళ్లకి పాత అలవాటు. అప్పట్లో చెల్లిన ఆ 4 డిగ్రీలే బూస్ట్ మీద పిస్టన్ రింగుల మధ్య గట్టుని విరగ్గొడతాయి.

కంపెనీ ఈసీయూ ఉంటే, బానెట్ కింద డయాగ్నోసిస్ డబ్బాలో టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు పిన్నుల్ని వైరుతో కలిపి, ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసి పుల్లీ మీది గుర్తు చూపే దీపం) పెట్టి చూడాలి. విడి ఈసీయూ ఉంటే అందులో టైమింగ్‌ని 10 దగ్గర కదలకుండా కట్టేసే సెట్టింగ్ ఉంటుంది, దాంతో చూడాలి. ఐడిల్‌లో సరిపోయిందని వదిలేయకండి, 4000 ఆర్‌పీఎంలో కూడా చూడండి. అక్కడ గుర్తు ఒకటి రెండు డిగ్రీలు జరిగితే ఈసీయూలో ఆలస్యం సవరణ తప్పుగా ఉందన్నమాట.

ఎయిర్-ఫ్యూయల్ మీటర్ (గాలీ పెట్రోల్ పాళ్లు చూపేది) కూడా ఈ దశలోనే సరిచూసుకోవాలి. బూస్ట్‌లో 11.5 నుంచి 12 మధ్య ఉంచుతాను. 12.5 దాటితే కాలు తీసేస్తాను, మిగతా మాటలు తర్వాత.

చెవితో వినడం

మొన్న డాలస్ నుంచి ఒక కుర్రాడు వాట్సాప్‌లో వాయిస్ క్లిప్ పంపాడు. "అన్నా, ఒకసారి విను, ఇది నాకింగేనా?" అని. అతనిదీ 1.6 మియాటానే, కొత్తగా టర్బో పెట్టించాడు. క్లిప్‌లో గాలి హోరు, ఎగ్జాస్ట్ మోత, మధ్యలో టకటక. "తమ్ముడూ, ఫోన్ మైకు మాటలు వినడానికి చేసింది, నాక్ వినడానికి కాదు. ముందు ఒక రాగి గొట్టం తెచ్చుకో" అన్నాను. నేను మజాక్ చేస్తున్నాననుకున్నాడు.

మజాక్ కాదు. ఏసీ పనివాళ్లు వాడే పావు అంగుళం రాగి గొట్టం మూడడుగులు తీసుకోండి. ఒక చివర రెండంగుళాలు సుత్తితో చదును చేసి, అందులో బోల్ట్ పట్టేంత రంధ్రం వేయండి. ఇన్‌టేక్ వైపు బ్లాకు మీద గట్టి బోల్ట్ ఏదైనా తీసి దాని కింద ఈ చదును ముక్క పెట్టి బిగించండి. బ్రాకెట్ల మీద వద్దు, నేరుగా బ్లాకు మీదే. రెండో చివరకి సన్నని రబ్బరు ట్యూబ్ తొడిగి, ఫైర్‌వాల్‌లోని రబ్బరు గ్రోమెట్ గుండా లోపలికి తెచ్చి, తుపాకీ షూటింగ్ వాళ్లు పెట్టుకునే ఇయర్ మఫ్స్‌కి రంధ్రం చేసి అందులో దూర్చండి. ఖర్చు పెద్దగా ఉండదు. ట్యూబ్‌ని టర్బోకీ ఎగ్జాస్ట్‌కీ దూరంగా నడపండి, కరిగితే బొబ్బలు మీ చెవికే.

ఇది పెట్టుకుని మీరు నడపకూడదు. చెవులు మూసుకుని రోడ్డు మీద తిరగడం ప్రమాదం, చాలాచోట్ల నేరం కూడా. పక్క సీటులో ఉన్నవాళ్లు వినాలి, లేదా డైనో (కారుని కదలకుండా రోలర్ల మీద పరిగెత్తించే యంత్రం) మీద పెట్టి వినాలి. మా ఆవిడ పెట్టుకుని రెండు వీధులు తిరిగొచ్చి, "ఈ టకటక ఎప్పుడూ ఉండేదేగా?" అంది. కరెక్టుగా చెప్పింది. అవి వాల్వుల్ని కదిపే హైడ్రాలిక్ లిఫ్టర్లు. పాత మియాటాల్లో, ముఖ్యంగా ఆయిల్ పల్చబడ్డాక, ఇవి కొట్టుకోవడం అందరికీ తెలిసిందే. ఇంజన్ ఆర్‌పీఎంతో పాటు వేగం పెరిగే, లెక్క తప్పని టకటక అది. లోడ్ ఉన్నా లేకపోయినా వస్తుంది.

నాక్ అలా ఉండదు. తాలింపులో మొదటి ఆవాలు చిట్లినట్టు, ఒకటి, ఆగి రెండు, ఒక్కసారిగా నాలుగు. లయ ఉండదు. యాక్సిలరేటర్ నొక్కి లోడ్ పడినప్పుడు వస్తుంది, కాలు తీయగానే మాయమవుతుంది. ఒకసారి వింటే చెవి మరచిపోదు. ఆ ఒక్కసారి వినే వరకూ ఏ యాప్ గ్రాఫూ మీకు అర్థం కాదు, అందుకే దీన్ని ఇంత పొడుగ్గా చెప్పాను.

సెన్సర్ ఎంచుకోవడం, బిగించడం

సెన్సర్లు రెండు రకాలు. ఒక రకం తనకి కేటాయించిన ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా స్పందిస్తుంది. పాత అమెరికన్ కార్ల నుంచి పీకి తెచ్చేవాటిలో ఇవి ఎక్కువ. 4 అంగుళాల బోర్ ఉన్న వీ8 కోసం చేసినది సుమారు 5.6 కిలోహెర్ట్జ్ దగ్గర వింటుంది. మన 7.3 దానికి సరిగ్గా అందదు. రెండో రకం మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి బిళ్ల. బాష్ వాళ్లది బాగా వాడుకలో ఉంది. ఇది విస్తారమైన ఫ్రీక్వెన్సీల్ని సమానంగా అందిస్తుంది, ఏరుకోవడం ఈసీయూ చూసుకుంటుంది. ఇదే తీసుకోండి. పెట్టె మీద పేరున్నా లోపల నకిలీ ఉండే సరుకు ఆన్‌లైన్‌లో చాలా తిరుగుతోంది. మరీ చవగ్గా కనిపిస్తే వద్దు.

ఎక్కడ పెట్టాలి? ఇన్‌టేక్ వైపు, మేనిఫోల్డ్ కింద, 2, 3 సిలిండర్ల మధ్యకి వీలైనంత దగ్గరగా. ఎగ్జాస్ట్ వైపు టర్బో వేడికి సెన్సర్ ఎక్కువ రోజులు బతకదు. బ్లాకులో ఉన్న రంధ్రం పెద్దదైతే ఎం8 బోల్ట్ పట్టే గట్టి స్టీల్ అడాప్టర్‌ని లేత్ మీద తిప్పించుకోండి. మేనిఫోల్డ్ బ్రాకెట్ మీద పెడితే బ్రాకెట్ అదురే వినపడుతుంది.

బిగించే తీరు మీదే సగం ఫలితం ఆధారపడి ఉంది. సెన్సర్ ఆనే చోట పెయింట్, తుప్పు, పాత గాస్కెట్ ముక్క ఏదీ ఉండకూడదు, మెరిసే లోహం కనపడాలి. వాషర్ వేయకండి. సాదా వాషర్ కాదు, స్ప్రింగ్ వాషర్ కాదు, ఏదీ వద్దు. టార్క్ రెంచితో 20 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో బిగించి రెంచి దాచుకునేవాళ్లకి ఒకటే మాట: ఈ సెన్సర్‌లో లోపలి స్ఫటికం బోల్ట్ బిగువుతోనే పనిచేస్తుంది. బిగువు మారితే చదివే అంకె మారుతుంది. రేపు విప్పి మళ్లీ వేరే బిగువుతో పెడితే ఇవాళ గీసిన గీతలన్నీ వృథా.

వైరు షీల్డ్ ఉన్నదే వాడండి. షీల్డ్‌ని ఈసీయూ వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి, రెండు చివరలా చేస్తే అదే కొత్త గోల తెస్తుంది. ఇగ్నిషన్ కాయిల్ తీగలకీ ఆల్టర్నేటర్‌కీ దూరంగా నడపండి.

అయ్యాక ఇంజన్ ఆపి, ఈసీయూ ఆన్ చేసి, సెన్సర్ పక్కన బ్లాకు మీద చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి. స్క్రీన్ మీద అంకె ఎగరాలి. ఎగిరితే వైరింగ్ బాగున్నట్టు, అంతవరకే.

కిటికీ ఎక్కడ తెరవాలి

ఈసీయూ రోజంతా వినకూడదు. ఒక్కో సిలిండర్ మండే సమయంలో కొన్ని డిగ్రీల సేపే చెవి తెరవాలి. దాన్ని విండో అంటారు. సాధారణంగా టీడీసీ (పిస్టన్ పై కొస) దాటాక 10 నుంచి 60 డిగ్రీల దాకా అని సలహా ఇస్తారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఆ సలహాని గుడ్డిగా తీసుకుంటే ఇబ్బంది.

ఎందుకో చూడండి. మియాటా ఫైరింగ్ వరుస 1-3-4-2. ఒకటో సిలిండర్ మండుతున్నప్పుడు మూడోది కంప్రెషన్ మొదలుపెడుతోంది. దాని పిస్టన్ అడుగు కొసని దాటాక సుమారు 50 డిగ్రీలకి ఇన్‌టేక్ వాల్వ్ మూసుకుంటుంది. అంటే ఒకటో సిలిండర్ లెక్కలో కూడా సరిగ్గా 50 దగ్గరే ఒక టప్. అదే సమయానికి నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ ముగించి ఇన్‌టేక్‌లోకి వెళ్తోంది, దాని ఎగ్జాస్ట్ వాల్వ్ 15 దగ్గర మూసుకుంటుంది, అక్కడో టప్. వాల్వ్ సీటు మీద పడే ఈ చప్పుళ్లు సెన్సర్‌కి బాగా వినపడతాయి. అందుకని నా విండో 20 నుంచి 45. కామ్ షాఫ్ట్ మార్చిన ఇంజన్ అయితే మీ కామ్ కార్డు చూసి ఇదే లెక్క వేసుకోండి.

ఫ్రీక్వెన్సీ 7.3తో మొదలుపెట్టండి. దానికి సుమారు రెట్టింపు, 14 నుంచి 15 మధ్య కూడా నాక్ ఆనవాలు ఉంటుంది. కొన్ని ఇంజన్లలో కింద వాల్వులు, పిస్టన్ల మోత ఎక్కువ, పైన ప్రశాంతం. రెండూ లాగ్ (ఈసీయూలో రికార్డు) చేసి మామూలు మోత ఎక్కడ తక్కువ ఉంటే అది వాడండి.

మామూలు మోత గీత

ఇప్పుడు అసలు పని. నాక్ కచ్చితంగా లేని పరిస్థితి తయారుచేసి, ఆ స్థితిలో ఇంజన్ ఎంత మోత చేస్తుందో ప్రతి ఆర్‌పీఎంకీ రాసుకోవడం.

నాక్ లేదని ఎలా గ్యారంటీ? టైమింగ్‌ని మామూలు కన్నా 5 డిగ్రీలు వెనక్కి లాగండి. బూస్ట్ కంట్రోలర్ ఆపేసి వేస్ట్‌గేట్ (బూస్ట్‌ని పరిమితం చేసే తలుపు) స్ప్రింగ్ ఇచ్చే కనీస బూస్ట్ మీద ఉంచండి. ట్యాంకులో 100 ఆక్టేన్ రేస్ పెట్రోల్ పోయండి, ఒక ట్యాంకు ఖర్చుకి వెనకాడొద్దు. చల్లని పొద్దున చేయండి. ఫీనిక్స్‌లో నేను దీన్ని డిసెంబర్, జనవరిలకే పెట్టుకుంటాను. మూడో గేరులో 2500 నుంచి 7000 దాకా లాగాలి, ఆ వేగం రోడ్డుకి తగదు కాబట్టి డైనో మంచిది. ఒకసారి చాలదు. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు, కాస్త చల్లగా ఉన్నప్పుడు, వేరువేరుగా లాగి, అన్నిటిలో ఎక్కువ వచ్చిన అంకెని తీసుకోండి.

గ్రాఫ్ నున్నగా రాదు. ఆర్‌పీఎంతో పాటు మోత పెరుగుతుంది, మధ్యలో ఒకటి రెండు చోట్ల మూపురం లేస్తుంది. ఆ ఆర్‌పీఎంలో ఏదో బ్రాకెట్ గుంయ్‌మంటోందన్నమాట. మూపురాన్ని మూపురంగానే ఉంచండి, నున్నగా చేయకండి. దాని మీద సుమారు ఒకటిన్నర రెట్ల ఎత్తులో హద్దు గీత గీయండి. ఆ గీత దాటిందే అనుమానం. అన్ని ఆర్‌పీఎంలకీ ఒకే అంకె పెట్టారంటే కింద నాక్ వచ్చినా పట్టదు, పైన ఏమీ లేకపోయినా అరుస్తుంది.

మీ ఈసీయూ సిలిండర్లవారీగా చూపగలిగితే తప్పక వాడండి. ఒకటీ నాలుగూ సెన్సర్‌కి దూరం కాబట్టి వాటి మోత తక్కువ వినపడుతుంది, గెయిన్ (సంకేతాన్ని పెంచే రెట్టు) పెంచి సరిచేయాలి. నాలుగో సిలిండర్ మీద ఇంకో కన్ను కూడా ఉంచాలి. ఈ ఇంజన్ మొదట అడ్డంగా, ముందు చక్రాలతో నడిచే కారులో కూర్చోవడానికి తయారైంది. నీళ్లు ఒక చివర వెళ్లి మరో చివర బయటికి వచ్చేవి. మియాటాలో నిలువుగా పెట్టినప్పుడు బయటికి వచ్చే దారిని కూడా ముందుకే తెచ్చారు. దాంతో వెనకున్న నాలుగో సిలిండర్ దగ్గర నీటి పారుదల తగ్గి అక్కడ వేడి ఎక్కువ. నాక్ వస్తే చాలాసార్లు ముందు అక్కడే. కూలెంట్ దారిని వెనక్కి మళ్లించే కిట్లు ఉన్నాయి. టర్బో మియాటాకి ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లబరిచేది) తర్వాత నేను పెట్టమనేది అదే.

లైటు వెలిగింది, నిజమేనా?

వెలిగిన ప్రతిసారీ నాక్ కాదు. హీట్ షీల్డ్ బోల్ట్ వదులైనా, డౌన్‌పైప్ బాడీకి తగులుతున్నా, ఆల్టర్నేటర్ బ్రాకెట్ పగిలినా, లిఫ్టర్ ఒకటి ఆయిల్ లేక కొట్టుకుంటున్నా గీత దాటుతుంది.

తేల్చుకునే పద్ధతి ఒకటే, అది తప్పదు. అదే ఆర్‌పీఎం, అదే బూస్ట్ దగ్గర టైమింగ్‌ని 3 డిగ్రీలు వెనక్కి లాగి మళ్లీ లాగ్ చేయండి. అంకె దిగిందా, నాక్. కదలకుండా అలాగే ఉందా, ఏదో వదులుగా ఉంది, స్పానర్ తీసుకోండి. ఇంకో గుర్తు: చిల్లర మోత ప్రతి చుట్టులో ఒకేలా వస్తుంది. నాక్ ఒక చుట్టు వస్తుంది, మూడు చుట్లు రాదు, మళ్లీ వస్తుంది. లాగ్‌ని పెద్దది చేసి చూస్తే పొడిపొడిగా పైకి లేచిన సూదులు కనిపిస్తాయి.

హద్దు గీత నిజంగా పట్టుకుంటోందా అని పరీక్షించడానికి కాస్త నాక్ తెప్పించాల్సి వస్తుంది. దీన్ని బూస్ట్ మీద ఎప్పుడూ చేయను. 2500 నుంచి 3000 ఆర్‌పీఎం, సున్నా బూస్ట్ దగ్గర, డైనో మీద, పక్కన ఒకరు ఆ రాగి గొట్టం ఇయర్ మఫ్స్ పెట్టుకుని ఉండగా, ఒక్కో డిగ్రీ టైమింగ్ ముందుకి జరపాలి. మొదటి చిటపట వినపడగానే ఆపాలి. ఆ క్షణంలో లాగ్‌లో గీత దాటితే సెట్టింగ్ సరైనదే. చెవికి వినపడి లాగ్‌లో దాటకపోతే గీత దించండి.

పట్టుకున్నాక ఈసీయూ ఏం చేయాలి

నా సెట్టింగ్: గీత దాటగానే 3 డిగ్రీలు వెనక్కి, నెమ్మదిగా, సెకనుకి అర డిగ్రీ చొప్పున తిరిగి ముందుకి. మొత్తం 6 డిగ్రీల కన్నా ఎక్కువ లాగనివ్వను. టైమింగ్ మరీ వెనక్కి పోతే ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బోకీ వాల్వులకీ కష్టం. ఇక్కడే సాబ్ పద్ధతి గుర్తొస్తుంది. 3 డిగ్రీలకి లొంగకపోతే బూస్ట్ కంట్రోలర్‌ని ఆపేసి స్ప్రింగ్ ఒత్తిడికి దించేలా పెట్టాను. 6 డిగ్రీలు లాగి, బూస్ట్ దించినా ఇంకా అరుస్తోందంటే అది ప్రీ-ఇగ్నిషన్ కావచ్చు. డాష్‌బోర్డు మీద పెద్ద ఎర్ర లైటు వెలుగుతుంది, కాలు తీసేయడమే. ఆ లైటు ఎదురుగా, కళ్ల ముందు ఉండాలి. గ్లవ్ బాక్స్‌లో లాప్‌టాప్ చూపిస్తే ఉపయోగం లేదు.

ఇన్‌టేక్ ఉష్ణోగ్రతని బట్టి టైమింగ్ ముందే తగ్గించే టేబుల్ కూడా నింపండి. జులైలో సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే నా ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 70 డిగ్రీలు చూపిస్తుంది. నాక్ వచ్చాక తగ్గించడం కన్నా, 50 దాటినప్పటి నుంచే డిగ్రీ డిగ్రీ తీసేయడం నయం.

ప్లగ్గులు, పాత కారు రోగాలు

సెన్సర్ ఎంత బాగున్నా ప్లగ్గులు తీసి చూడటం మానను. భూతద్దంతో తెల్లటి పింగాణీ మీద చూడాలి. నల్లటి సన్నని చుక్కలు కనిపిస్తే నాక్ జరుగుతోంది. మెరిసే చిన్న వెండి గుండ్లు కనిపిస్తే అవి మీ పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం. అప్పుడు ట్యూనింగ్ ఆపి కంప్రెషన్ పరీక్ష చేయించండి. బూస్ట్‌కి ఒక మెట్టు చల్లని ప్లగ్ వేస్తారు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, కాబట్టి 6 బదులు 7. బాష్‌లో అంకె తగ్గితే చల్లన. ఈ తిరకాసు తెలియక ఇంకా వేడి ప్లగ్ వేసుకునేవాళ్లు ఉన్నారు. గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకి తగ్గిస్తాను, కంపెనీది 1.1.

ఇంకొకటి ఎవరూ తొందరగా అనుమానించరు, పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది). పాతబడితే బూస్ట్‌లో అది సరిగ్గా మూసుకోదు. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆయిల్ ఆవిరి ఇన్‌టేక్‌లోకి ఎక్కుతుంది. ఆయిల్ కలిసిన మిశ్రమం ఆక్టేన్ పడిపోతుంది. అకారణంగా నాక్ మొదలైతే ఇంటర్‌కూలర్ పైపు విప్పి లోపల వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే ముందు పీసీవీ మార్చండి, ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టండి, తర్వాతే టైమింగ్ జోలికి వెళ్లండి.

డాలస్ కుర్రాడు రాగి గొట్టం చేసుకున్నాడు. అతని టకటక లిఫ్టర్లే, ఆయిల్ మార్చాక సగం తగ్గింది. కానీ అదే గొట్టంలో 5000 దాటాక అసలైన చిటపట కూడా వినపడిందట. టైమింగ్ లైట్ పెడితే 14 ఉంది. ఇప్పుడు 10కి తిప్పి, సెన్సర్ ఆర్డర్ చేశాడు.

మన దగ్గర పాత కారుకి టర్బో పెట్టుకున్నవాళ్లకి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) గురించి ఒక మాట. ఇథనాల్ ఆక్టేన్‌ని పెంచుతుంది, నాక్ వైపు నుంచి అది మేలే. కానీ దానికి గాలితో పోలిస్తే ఇంధనం పాళ్లు ఎక్కువ కావాలి. సాదా పెట్రోల్‌కి 14.7 సరిపాళ్లయితే ఈ20కి సుమారు 13.5. ఈసీయూ మ్యాప్ (ఎంత ఇంధనం పోయాలో రాసిన పట్టిక) మార్చకుండా పోస్తే మిశ్రమం పల్చబడి, వచ్చిన ఆక్టేన్ లాభం అక్కడే పోతుంది. ట్యూన్ చేసిన రోజు ఏ పెట్రోల్ పోశారో, ఆ రోజు ఎండ ఎంతో లాగ్ ఫైల్ పేరులోనే రాసి పెట్టుకోండి. పాత రబ్బరు ఫ్యూయల్ పైపుల్ని కూడా ఇథనాల్‌ని తట్టుకునేవాటితో మార్చేయండి.